సమాధానం: కాలేజీ బేస్‌బాల్ ఆడటం అయ్యాక అసిస్టెంట్ కోచ్ ఉద్యోగం

మీ అబ్బాయికి ఈ మే నెలతో ఆట ముగుస్తుందని, కోచింగ్ కోసం మార్చి నుంచి మెయిళ్లు పెడుతున్నా ఒక్కరూ బదులివ్వలేదని రాశారు. సీజన్ మధ్యలో ఎవరూ చూడరండీ. ఖాళీలు ఎక్కువగా పడేది మే చివరి నుంచి ఆగస్టు దాకా. హెడ్ కోచ్ మారితే అసిస్టెంట్లూ చాలావరకు మారతారు, ఆ వార్త వచ్చిన వారంలోనే అడగాలి.

అమెరికా కాలేజీ ఆటల్లో పై అంచె అయిన డివిజన్ 1 ఇప్పుడే వద్దు. 2023 జులైలో కాలేజీ ఆటలను నడిపే సంఘం ఎన్‌సీఏఏ అక్కడ జీతం లేని వాలంటీర్ కోచ్ పదవి తీసేసి అసిస్టెంట్లను ఇద్దరి నుంచి ముగ్గురికి పెంచింది. జీతానికి దారి పడింది గానీ, కొత్తవాళ్లు దూరే సందు మూసుకుపోయింది. కింది అంచెలైన డివిజన్ 2, 3లలో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌ (మాస్టర్స్ చదువుతూ కోచింగ్‌లో సాయపడేవాడు) పనికి ప్రయత్నించమనండి. మాస్టర్స్ ఫీజులో ఎంత మాఫీ, స్టైపెండ్ ఎంత అన్నది ముందే కాగితం మీద తీసుకోవాలి.

మెయిల్‌లో బ్యాటింగ్ యావరేజ్ కాదు, చేయగల పని రాయాలి: బ్యాటింగ్ సాధనలో స్క్రీన్ (రక్షణ వల) వెనక నుంచి వరసగా స్ట్రైకులు (బ్యాటర్‌కు అందే చోటికి వెళ్లే బంతులు) విసరడం, ట్రాక్‌మ్యాన్ (బంతి వేగం, తిరుగుడు కొలిచే రాడార్ పరికరం) అంకెలు చదివి పిచర్‌కు (బంతి విసిరేవాడికి) ఒక్క ముక్కలో చెప్పడం, ఫంగో బ్యాటుతో (ఫీల్డింగ్ సాధన కోసం కోచ్‌లు వాడే తేలికపాటి పొడుగు బ్యాటు) షార్ట్‌స్టాప్‌కు (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలిచే ఫీల్డర్‌కు) కుడివైపు, ఎడమవైపు కోరిన చోటికే బంతి కొట్టడం. మంచి ఆటగాళ్లు కూడా ఫంగో దగ్గరే తడబడతారు, ఎందుకంటే అక్కడ బంతిని తనే పైకి వేసుకుని కొట్టాలి. రెండు నిమిషాల వీడియో జతచేసి, ఇప్పటి కోచ్ చేత ఫోన్ చేయించండి.