పర్సెఫొనీ కథ కాపీ కొట్టారు, కేసు నిలుస్తుందా?

ప్రశ్న: గ్రీకు, నార్స్, జపాన్, పశ్చిమాఫ్రికా గాథలను నా శైలిలో తిరగరాసి 2021లో పుస్తకం వేశాను. 2022 జూన్‌లో మరో రచయిత అవే కథలతో పుస్తకం తెచ్చారు. వెంటనే చూశాను గానీ, మనసు విరిగి ఊరుకున్నాను. 2024 నవంబరులో దానికి రెండో ముద్రణ వచ్చింది. కాపీరైట్ రిజిస్టర్ చేయించలేదు. కంప్యూటర్ పాడై రాతప్రతి పోయింది. పాత తేదీ వేసి చేతిరాత ప్రతి ఒకటి తయారు చేసుకోమని మిత్రుడు అంటున్నారు. నాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: మీ ఉత్తరంలో ఆయన ద్రోహం గురించి ఉంది గానీ, కోర్టుకు కావాల్సిన సంగతి లేదు. ఆయన పుస్తకంలో కనిపిస్తున్న వాటిలో మీరు స్వయంగా కల్పించినవి ఏవి? "అవే కథలు" అన్నంత మాత్రాన కేసు నిలవదు. ఆర్.జి. ఆనంద్ వర్సెస్ డీలక్స్ ఫిల్మ్స్ కేసులో సుప్రీంకోర్టు 1978లోనే తేల్చింది: ఇతివృత్తం మీద, పురాణగాథ మీద ఎవరికీ కాపీరైట్ లేదు. చెప్పిన తీరుకే రక్షణ. రెండూ చదివిన పాఠకుడికి రెండోది మొదటిదానికి నకలేనని నిస్సందేహంగా అనిపించాలి.

గ్రీకు గాథల్లో పాతాళరాణి అయిన పర్సెఫొనీ కథే చూడండి. పాతాళంలో ఆమె తిన్న దానిమ్మ గింజలు హోమర్ పేరిట ప్రచారంలో ఉన్న స్తోత్రంలో ఒకటి, రోమన్ కవి ఓవిడ్ కావ్యం 'మెటమార్ఫసెస్'లో ఏడు. మీరూ ఆయనా ఏడని రాస్తే ఇద్దరూ ఓవిడ్‌ను అనుసరించారని తప్ప ఏమీ రుజువు కాదు. అదే, గింజలు లెక్కపెట్టే ముసలి దాసిని మీరు కల్పించి ఉండి, ఆమె ఆయన కథలోనూ ప్రత్యక్షమైతే జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే. మీరు పొరపాటున తారుమారు చేసిన పేరు అక్కడా అలాగే ఉంటే ఇంకా మంచిది. ఇలాంటి కేసుల్లో అందమైన వాక్యాల కన్నా ఉమ్మడి తప్పులే గట్టి సాక్ష్యం.

కాబట్టి ప్రతి కథకూ మూడు గడుల పట్టిక వేయండి: పేజీ నంబరుతో మీ వాక్యం, ఆయన వాక్యం, మీరు ఆధారం చేసుకున్న గ్రంథంలో ఉన్నది. మూడో గడి నింపకుండా వకీలు దగ్గరికి వెళ్లకండి. అది మీకే ఎదురు తిరగొచ్చు కూడా. ఉదాహరణకు, జర్మన్ జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరుల్లో విల్హెల్మ్ 1859లో, యాకోబ్ 1863లో పోయారు, వారి జర్మన్ పాఠం ఎవరైనా వాడుకోవచ్చు. కానీ 1990లో మరణించిన భారతీయ అనువాదకుడి ఇంగ్లిష్ పాఠానికి కాపీరైట్ చట్టం 22వ సెక్షన్ కింద 2050 చివరిదాకా రక్షణ ఉంది. అలాంటిదాన్ని అనుమతి లేకుండా తెలుగు చేసి ఉంటే, అవతలి వకీలు మొదట పట్టుకునేది మిమ్మల్నే.

ఇక కాలపరిమితి. లిమిటేషన్ చట్టం 88వ ఆర్టికల్ ప్రకారం నష్టపరిహారం దావాకు ఉల్లంఘన జరిగిన తేదీ నుంచి 3 ఏళ్లే గడువు. 2022లో మొదటి ముద్రణ వేసినందుకు అడగాల్సిన గడువు 2025 జూన్‌తో పోయింది. అది మీ నిర్లక్ష్యమే. మనసు విరిగిందంటే గడువు పెరగదు. రెండో ముద్రణ కొత్త ఉల్లంఘన, దానికి 2027 నవంబరు దాకా సమయం ఉంది.

మిత్రుడి సలహా మాత్రం చెవిన పెట్టకండి. కోర్టులో వాడటానికి దొంగ సాక్ష్యం సృష్టిస్తే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద 7 ఏళ్ల దాకా జైలు. అది బయటపడిన రోజున మీ నిజమైన సాక్ష్యాన్ని కూడా ఎవరూ నమ్మరు. అసలు ఆ కాగితంతో పనేముంది? అచ్చయిన పుస్తకంపై రచయితగా మీ పేరుంటే, కాపీరైట్ చట్టం 55(2) సెక్షన్ ప్రకారం కాదని అవతలివారే రుజువు చేయాలి. 2021 ప్రతి, ప్రెస్సు బిల్లు, ప్రూఫులు పంపుకున్న ఈమెయిళ్లు తీయండి. ఈమెయిళ్లకు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ రికార్డును ధ్రువీకరించే పత్రం) జతచేయాలి. రిజిస్ట్రేషన్ లేకపోయినా హక్కు ఉంటుంది. ఇప్పుడు చేయించినా నిజమైన ప్రచురణ తేదీయే రాయండి.

ముందు రెండో ముద్రణ ప్రతిని బిల్లుతో కొనండి. పట్టికలో కనీసం రెండు మూడు కథలు గట్టిగా నిలిస్తేనే అమ్మకం ఆపమని, లెక్కలు చూపమని నోటీసు ఇప్పించండి. దావా వేసే ఉద్దేశం లేకుండా ఉత్తి బెదిరింపు పంపితే, కాపీరైట్ చట్టం 60వ సెక్షన్ కింద ఆయనే మీపై దావా వేయగలరు. మీరు నివసించే చోటి జిల్లా కోర్టులోనే దావా వేసే వీలు అదే చట్టం 62వ సెక్షన్ ఇస్తోంది. దావా విలువ 3 లక్షల రూపాయలు, ఆపైన ఉంటే కమర్షియల్ కోర్టుకు (వాణిజ్య వివాదాల కోర్టుకు) వెళ్లాలి. అత్యవసర ఉత్తర్వు అడగకపోతే అక్కడ ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. ఇన్నేళ్లు ఊరుకున్నవారు అత్యవసరమంటే న్యాయమూర్తి నమ్మడం కష్టం గనుక, నేరుగా మధ్యవర్తిత్వానికే దరఖాస్తు పెట్టండి.