టెక్ సందేహాలు: బోరు నీళ్ల మోడల్‌కు మైనస్ ఎందుకొచ్చింది?

ప్రశ్న: సార్, ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం మా మండలం బోర్ల నీటి వివరాలు సేకరించాను. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే 1, దాటకపోతే 0 అని రాసుకున్నాను. గణాంకాల సాఫ్ట్‌వేర్ ‘ఆర్’లో జీఎల్‌ఎమ్ (జనరలైజ్డ్ లీనియర్ మోడల్) ఫంక్షన్‌తో మోడల్ కడితే ఒక బోరుకు ఫ్లోరైడ్ హద్దు దాటే సంభావ్యత 1.2 వచ్చింది, ఇంకోదానికి మైనస్. సాఫ్ట్‌వేర్‌లో తేడా ఉందా? కోడ్ జతచేశాను. – ఒక విద్యార్థి, నల్లగొండ

జవాబు: సాఫ్ట్‌వేర్ బాగానే ఉంది. మీ కోడ్‌లో ‘ఫ్యామిలీ’ (జవాబు ఏ రకం సంఖ్యో చెప్పేది) అన్న మాటే లేదు. మనం చెప్పకపోతే జీఎల్‌ఎమ్ దాన్ని గాసియన్ (ఏ విలువైనా తీసుకోగల కొలత) అనుకుంటుంది. అంటే మీరు చేసింది మామూలు లీనియర్ రిగ్రెషనే, డేటా మీద తిన్నని గీత గీయడమే. గీత పైకి పోతే 1 దాటుతుంది, కిందికి పోతే సున్నా కంటే తగ్గుతుంది. మ్యాట్‌ల్యాబ్‌లోని ఫిట్‌జీఎల్‌ఎమ్‌దీ, పైథాన్ స్టాట్స్‌మోడల్స్‌లోని జీఎల్‌ఎమ్‌దీ ఇదే అలవాటు.

1972లో గణాంక శాస్త్రవేత్తలు నెల్డర్, వెడర్‌బర్న్ ఈ పద్ధతిని తెచ్చిందే అవును-కాదు జవాబులకు, లెక్కపెట్టే సంఖ్యలకు, కొలతలకు ఒకే దారి చూపడానికి. ఏది ఏ రకమో చెప్పాల్సింది మనమే. మీకు కావలసింది అవును-కాదు జవాబుల ఫ్యామిలీ, బైనోమియల్.

అది మార్చాక కూడా ప్రెడిక్ట్ ఫంక్షన్ 2.3, మైనస్ 1.1 లాంటివి చూపిస్తుంది. కంగారు పడకండి, అవి లాగ్ ఆడ్స్, అంటే జరిగే, జరగని సంభావ్యతల నిష్పత్తికి లాగ్. టైప్ దగ్గర ‘రెస్పాన్స్’ అని ఇస్తే మొదటిది సుమారు 0.91, రెండోది 0.25 అవుతాయి.

అసలు పేచీ వేరే ఉంది. మీ కోడ్‌లో వేరియబుల్స్ జాబితా చూశాను. లోతు, పీహెచ్, కాల్షియంతో పాటు ఫ్లోరైడ్ మిల్లీగ్రాముల కాలమ్ కూడా పెట్టారు. దాన్నిబట్టే కదా 1, 0 వేసింది! జవాబు పేపరు ప్రశ్నలోనే పెట్టినట్టయింది. బైనోమియల్ ఇవ్వగానే ‘అల్గారిథమ్ కన్వర్జ్ కాలేదు’ (లెక్క ఒకచోట కుదురుకోలేదు) అనో, ‘సంభావ్యతలు 0 లేదా 1 అయ్యాయి’ అనో హెచ్చరిక వస్తుంది. 1.5 దగ్గర డేటా నిలువునా రెండుగా చీలిపోతుంది కాబట్టి ఫ్లోరైడ్ గుణకం (మోడల్ ఆ కాలమ్‌కు ఇచ్చే బరువు) అనంతం వైపు పెరుగుతూ పోతుంది, ఎక్కడా ఆగదు. ఆర్ 25 సార్లు లెక్కించి ఆపేస్తుంది. చాలామంది ఆ 25ను 1000 చేసి చూస్తారు, దండగ. కాలమ్ తీసేయండి.

తీసేశాక కాల్షియం గుణకం గుర్తు చూడండి. మన గ్రానైట్ నేలల్లో ఫ్లోరైడ్ రాళ్ల నుంచే నీళ్లలోకి దిగుతుంది. కాల్షియం ఎక్కువున్న నీళ్లలో అది ఎక్కువగా కరిగి ఉండలేదు. కాబట్టి మైనస్ రావడం సహజం. ప్లస్ వస్తే మోడల్ కంటే ముందు ఎక్సెల్ షీటును అనుమానించండి.

1, 0 బదులు ‘హై’, ‘లో’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి ఫ్యాక్టర్‌గా (వర్గాల కాలమ్‌గా) ఇస్తే మాత్రం జాగ్రత్త. అక్షర క్రమంలో ముందొచ్చే ‘హై’ని ఆర్ వైఫల్యంగా (అంటే 0గా) లెక్కేసి, ‘లో’ సంభావ్యత చెబుతుంది. గుర్తులన్నీ తిరగబడతాయి.

ప్రశ్న: యాసంగిలో ఫీడర్‌వారీగా కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ల సంఖ్యకు ఏ ఫ్యామిలీ వాడాలి? – మహబూబ్‌నగర్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: లెక్కపెట్టే సంఖ్యల ఫ్యామిలీ పాయిజాన్‌తో మొదలుపెట్టండి. ఒక ఫీడర్ మీద పది, ఇంకోదాని మీద అరవై ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటే వాటిని నేరుగా పోల్చకూడదు. మొత్తం ట్రాన్స్‌ఫార్మర్ల సంఖ్యకు లాగ్ తీసి ఆఫ్‌సెట్‌గా (గుణకం 1 దగ్గరే ఉంచే కాలమ్‌గా) ఇవ్వండి. రెసిడ్యువల్ డీవియన్స్‌ను (మోడల్ వివరించలేక మిగిల్చిన తేడాను) డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌తో (వరుసల సంఖ్యలోంచి గుణకాల సంఖ్య తీసేస్తే వచ్చేదానితో) భాగించి చూడండి. 1 కంటే బాగా ఎక్కువొస్తే పాయిజాన్ చెప్పే పీ విలువలను నమ్మొద్దు, క్వాసీపాయిజాన్‌కు మారండి. గుణకాలు అవే ఉంటాయి, స్టాండర్డ్ ఎర్రర్లు (గుణకాల్లోని అనిశ్చితి) పెరుగుతాయి. నిన్న ముఖ్యమనిపించిన వేరియబుల్ ఇవాళ తేలిపోవచ్చు.

ప్రశ్న: ఇవన్నీ నేర్చుకోవాలని ఉంది. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ సరిపోతుందా? – డిగ్రీ విద్యార్థిని, మిర్యాలగూడ

జవాబు: సరిపోతుందమ్మా. ఆర్ ఉచితం. కొన్ని వేల వరుసలు, పది కాలమ్‌ల మోడల్ కన్నుమూసి తెరిచేలోగా అయిపోతుంది. చేతిలో డబ్బుంటే ర్యామ్ 8 జీబీ చేయించుకో. అదీ జీఎల్‌ఎమ్ కోసం కాదు, పక్కన ఇరవై ట్యాబులతో తెరిచి ఉండే బ్రౌజర్ కోసం.