వీపు మీద మందు అయిదు నిమిషాలు నిలవాలి

ఉక్కపోత పెరిగినకొద్దీ విశాఖ పాఠకుల ఉత్తరాల్లో వీపు మీద మొటిమల ప్రస్తావన పెరుగుతోంది. ఈసారి శీర్షిక మొత్తం వాటికే.

ప్రశ్న: నాకు 21 ఏళ్లు. గాజువాక నుంచి బండి మీద కాలేజీకి, సాయంత్రం జిమ్‌కి వెళ్తాను. రెండేళ్లుగా భుజాల నుంచి వీపు సగం దాకా మొటిమలు. కొన్నింటిలో చీము ఉంటుంది, కొన్ని లోపలే గట్టిపడి నొప్పి పెడతాయి. 2 శాతం సాలిసిలిక్ యాసిడ్ బాడీ వాష్ మూడు వారాలు వాడాను, తేడా లేదు. ఇంకేం కొనాలి?
– ఒక విద్యార్థి, గాజువాక

జవాబు: ఆ వాష్‌ని వీపు మీద ఎంతసేపు ఉంచారో రాయలేదు. రాసిన వెంటనే మగ్గుతో నీళ్లు పోసుకుంటే ఎంత మంచి మందైనా తూములోకే పోతుంది. మూడు వారాలు కూడా తక్కువే. ఏ మొటిమల మందు పనితనమైనా తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది.

మీకు మందు మార్చడం కూడా అవసరమే. సాలిసిలిక్ యాసిడ్ నూనెలో కరుగుతుంది కాబట్టి జిడ్డు నిండిన రంధ్రంలోకి దిగి, అక్కడ బిరడాలా పేరుకున్న మృతకణాలను వదులు చేస్తుంది. నల్లచుక్కలకు, చిన్న పొక్కులకు అది చాలు. చీము పట్టేవాటికి బెంజాయిల్ పెరాక్సైడ్ కావాలి. రంధ్రంలో పెరిగే బాక్టీరియాను అది చంపుతుంది. యాంటీబయాటిక్‌లకు అలవాటు పడినట్టు బాక్టీరియా దీనికి అలవాటు పడదు.

2.5 నుంచి 5 శాతం ఉన్నది తీసుకోండి. 10 శాతం దాంతో మంట పెరుగుతుంది తప్ప ఆ మేరకు లాభం పెరగదు. స్నానంలో ముందు తల రుద్దుకుని, షాంపూ, కండిషనర్ పూర్తిగా పోయేలా కడగండి. వీపు ఆ తర్వాత. కండిషనర్ జారి వీపు మీద మిగిలితే అదే రంధ్రాలను మూస్తుంది. వాష్ రాశాక కుళాయి కట్టేసి 3 నుంచి 5 నిమిషాలు ఆగండి. జెల్ దొరికితే స్నానానికి ముందే పొడి వీపు మీద పల్చగా రాసి, అంతే సేపు ఆగి కడిగేయండి. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు చాలు. చర్మం మండినా, పొలుసులు లేచినా సమయం 2 నిమిషాలకు తగ్గించండి. పూర్తిగా మానెయ్యక్కర్లేదు.

బెంజాయిల్ పెరాక్సైడ్ బట్టల రంగు తినేస్తుంది. సరిగ్గా కడగకపోతే తువ్వాలు, దుప్పటి, రంగు బనియన్ల మీద తెల్లమచ్చలు పడతాయి, అవి ఇక పోవు. తెల్ల తువ్వాలు, తెల్ల బనియన్ వాడండి. సీసాను ఎండలో నిలబెట్టిన బండి డిక్కీలో వదిలెయ్యకండి. వేడికి ఆ మందు విచ్ఛిన్నమై బెంజీన్ అనే హానికర పదార్థం తయారవుతుంది.

నెల తర్వాత చర్మం అలవాటు పడితే రాత్రిళ్లు రంధ్రాలు మూసుకుపోకుండా చూసే అడపలీన్ అనే పూతమందు 0.1 శాతం జెల్ జోడించవచ్చు. బెంజాయిల్ పెరాక్సైడ్‌తో కలిసినా అది చెడిపోదు. ఇక్కడ చిన్న లెక్క ఉంది. చూపుడు వేలి కొన నుంచి మొదటి కణుపు దాకా పిండిన జెల్ సుమారు అర గ్రాము. అది వేళ్లతో సహా రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. మీ వీపు పైసగానికి అలాంటివి మూడు, అంటే 1.5 గ్రాములు కావాలి. రోజూ రాస్తే 15 గ్రాముల ట్యూబు 10 రోజులకే అయిపోతుంది. నెలంతా లాగుదామని బఠాణీ గింజంత తీసి వీపంతా పూస్తే అది ఎక్కడా పనిచెయ్యదు. డబ్బు సరిపోకపోతే వాష్ ఒక్కటే క్రమంగా వాడండి, ట్యూబు ఎక్కువ మొటిమలున్న చోటికే ఉంచండి. (గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు అడపలీన్ జోలికి పోకూడదు.)

జిమ్ అయ్యాక తడి టీషర్టుతో గంటసేపు కబుర్లు వద్దు. వీపుకు అంటుకునే కాలేజీ బ్యాగు ఒరిపిడితో కూడా మొటిమలు వస్తాయి, బండి మీద దాన్ని ముందు పెట్టుకోండి. వే ప్రొటీన్ తాగుతుంటే రెండు నెలలు ఆపి చూడండి, కొందరికి దానివల్లే పెరుగుతాయి. కండల కోసం ఇంజెక్షన్లు చేయించుకుంటుంటే మాత్రం అవి ఆపనిదే ఏ క్రీమూ పనిచెయ్యదు. నొప్పి పెట్టే గడ్డలు పూతమందులకు లొంగవు, గుంటలు మిగులుస్తాయి. వాటి కోసం ఇప్పుడే చర్మ వైద్యులను కలవండి.

ప్రశ్న: మా అమ్మాయికి 17. వీపు మీద, ఛాతీ మీద సన్నటి పొక్కులు, అన్నీ ఒకే సైజు. విపరీతమైన దురద. గొంతు నొప్పికి యాంటీబయాటిక్ వాడాక ఇంకా పెరిగాయి. మొటిమల క్రీమ్ నెలన్నర రాశాం, తగ్గలేదు. ఒంటికి కొబ్బరినూనె పట్టిస్తే నయమా?
– ఒక తల్లి, ఎంవీపీ కాలనీ

జవాబు: నూనె ముందు ఆపండమ్మా. మీరు రాసిన లక్షణాలన్నీ ఫంగస్ వైపు చూపిస్తున్నాయి. మొటిమలైతే చిన్నవీ పెద్దవీ కలిసి ఉంటాయి, మధ్యలో నల్లచుక్కలు కనిపిస్తాయి, దురద కన్నా నొప్పి ఎక్కువ. అచ్చు గుద్దినట్టు ఒకే సైజులో, దురదతో వచ్చేవి సాధారణంగా మలసీజియా అనే ఈస్ట్ పని. చుండ్రుకు కారణమయ్యేదీ అదే. అందరి చర్మం మీదా ఉంటుంది. మన సముద్ర తీరపు చెమట, జిడ్డు దానికి విందు. యాంటీబయాటిక్ బాక్టీరియాను తగ్గించేసరికి పోటీ లేక అది చెలరేగింది. నూనెల్లోని కొవ్వు ఆమ్లాలు దానికి ఆహారం.

కీటోకొనజోల్ 2 శాతం షాంపూను సబ్బులా వాడించండి. తడి ఒంటి మీద వీపుకు, ఛాతీకి రాసి 5 నిమిషాలు ఉంచి కడగాలి. మొదటి వారం రోజూ, తర్వాత మూడు వారాలు వారానికి మూడుసార్లు. తలలో చుండ్రు ఉంటే తలకూ అదే. లేకపోతే అక్కడి నుంచి మళ్లీ దిగుతుంది. నాలుగు వారాల్లో తగ్గకపోతే చర్మ వైద్యులు పొక్కును గీకి సూక్ష్మదర్శినిలో చూసి తేల్చుకుంటారు, అవసరమైతే మాత్రలు రాస్తారు. తగ్గాక కూడా ఉక్కపోత నెలల్లో వారానికి ఒకసారి షాంపూ రాస్తే మంచిది, ఇది తిరగబెట్టే రకం.

ప్రశ్న: అయిదు వారాల్లో నా పెళ్లి. బ్లౌజులన్నీ వెనక లోతు మెడవే కుట్టించాను. వీపు మీద మొటిమలు, గోధుమరంగు మచ్చలు. పార్లర్‌లో పీల్ చేయించుకోమంటున్నారు.
– పేరు వద్దన్న పాఠకురాలు, మధురవాడ

జవాబు: అయిదు వారాల్లో మొటిమలు కొంతవరకు తగ్గించవచ్చు, మచ్చలు పోగొట్టలేం. మన చర్మపు ఛాయలో ఆ గోధుమరంగు వెలవడానికి నెలలు పడుతుంది. పార్లర్ పీల్ కాస్త ఎక్కువైతే కొత్త మచ్చలు తెచ్చిపెడుతుంది, ఈ సమయంలో ఆ సాహసం వద్దు. పైన చెప్పిన బెంజాయిల్ పెరాక్సైడ్ వాష్ ఈ రోజే మొదలుపెట్టండి. మచ్చలకు అజెలాయిక్ యాసిడ్ 10 నుంచి 20 శాతం క్రీమ్ రెండు పూటలా రాయండి. మొదట కాస్త చురచురమంటుంది. అది మొటిమలకూ పనిచేస్తుంది, పెళ్లయ్యాక గర్భం వచ్చినా ఆపాల్సిన మందు కాదు. పగలు వీపు బయటికి కనిపించే బ్లౌజు వేసుకుంటే ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ వీపుకూ రాయాలి, లేకపోతే ఎండకు మచ్చలు ముదురుతాయి. చివరి రెండు వారాల్లో కొత్త క్రీమ్, వ్యాక్సింగ్, బ్లీచ్ ఏవీ వద్దు. ముహూర్తానికి నాలుగు రోజుల ముందు పెద్ద గడ్డ లేస్తే గిల్లకుండా చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లండి, చిన్న ఇంజెక్షన్‌తో రెండు మూడు రోజుల్లో అణుగుతుంది. మంగళస్నానంలో నూనె, నలుగు తప్పవు కదా, వీపు మీద గట్టిగా రుద్దొద్దని పెద్దవాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

ప్రశ్న: బీరపీచుతో సున్నిపిండి రుద్ది, పైన నిమ్మరసం పూస్తే మొటిమలు పోతాయా?
– ఒక పాఠకుడు, భీమిలి

జవాబు: పోవు. పీచు ఒరిపిడికి చీము ఉన్న మొటిమ లోపలే పగిలి వాపు పెరుగుతుంది. నిమ్మరసం పూసిన చర్మానికి ఎండ తగిలితే బొబ్బలెక్కి నల్లబడుతుంది. సున్నిపిండి వాడాలనుంటే చేత్తో మెత్తగా రాసి కడుక్కోండి, దానితో నష్టం లేదు.

ప్రశ్న: నేను ఫర్నేసు దగ్గర పనిచేస్తాను. వీపు మీద పొక్కులకు షాపులో అడిగితే ఒక క్రీమ్ ఇచ్చారు. మూడు రోజుల్లో మాయమయ్యాయి. మానితే వారంలో రెట్టింపు. ఆరు నెలలుగా ఇదే వరస.
– ఒక కార్మికుడు, కూర్మన్నపాలెం

జవాబు: ట్యూబు మీద సన్నక్షరాలు చదవండి. బెటామెథాసోన్, క్లోబెటసాల్, మొమెటాసోన్, వీటిలో ఒకటి కనిపిస్తే అది స్టెరాయిడ్. ఎరుపును, దురదను అణచిపెడుతుంది, అందుకే మూడు రోజుల్లో మాయమైనట్టుంటుంది. లోపల ఫంగస్ ఉంటే అది హాయిగా పెరుగుతుంది. ఎక్కువ రోజులు వాడితే స్టెరాయిడే మొటిమలు పుట్టిస్తుంది, చర్మాన్ని పల్చన చేస్తుంది. మానిన కొన్ని వారాలు ఎక్కువైనట్టు కనిపించడం మామూలే, భయపడి మళ్లీ రాయకండి. ఆరు నెలలు వాడారు కాబట్టి సొంతంగా మరో మందు మొదలుపెట్టకుండా, ఆ ట్యూబు చేత్తో పట్టుకుని కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) చర్మ విభాగం ఓపీకి వెళ్లండి. మీవి చెమటకాయలా, ఫంగసా, మొటిమలా అన్నది చూసి చెప్పాల్సిందే. ఈలోగా షిఫ్టు దిగగానే స్నానం చేసి, లోపలి బనియన్ రోజుకు రెండు మార్చండి. జ్వరం, కీళ్ల నొప్పులతో పాటు వీపు మీద పుండ్లు పడితే ఓపీ రోజు కోసం ఆగకండి, ఆ రోజే వెళ్లాలి.