డిగ్రీ పిల్లలకు వ్యాసరచన నేర్పుతూ నా పీహెచ్‌డీ కూడా సాగాలంటే గూగుల్ డాక్స్ ఎలా వాడుకోవాలి?

60 మంది వ్యాసాలు దిద్దడంలోనే సాయంత్రాలు అయిపోతుంటే, ముందు ప్రతి తప్పూ దిద్దడం మానేయండి. మొదటి చిత్తుప్రతిలో వాదన, పేరాల వరస చూస్తే చాలు. అక్షరదోషాల సంగతి చివర్లో.

డాక్స్‌లో 'సజెస్టింగ్' మోడ్ పెట్టుకుంటే మీరు మార్చింది రంగులో కనిపిస్తుంది, ఉంచాలో తీసేయాలో పిల్లలే తేల్చుకుంటారు. నేనైతే అదీ తక్కువే వాడతాను. వాక్యం మనమే రాసిపెడితే వాళ్లు టిక్ కొట్టి ఊరుకుంటారు. 'ఈ మాటకు ఆధారం ఏది?' అని పక్కన కామెంట్ పెడితే మాత్రం మళ్లీ పుస్తకం తీయాల్సిందే.

కాపీ కొట్టారేమోనని అనుమానం వస్తే వెర్షన్ హిస్టరీ, అంటే ఫైల్లో ఎప్పుడేం మారిందో చూపే చోటు, తెరవండి (దానికి మీకు ఎడిట్ అనుమతి ఉండాలి). రెండు పేజీలు ఒక్కసారిగా ఊడిపడ్డాయా, లైను లైనుగా పెరిగాయా తెలుస్తుంది. అంతమాత్రాన అదే రుజువనుకోకండి. ఫోన్‌లో ఇంకెక్కడో టైప్ చేసి తెచ్చి అతికించేవాళ్లూ ఉంటారు. పిలిచి అడగడం మేలు.

ఇక మీ థీసిస్‌కి పొద్దున మొదటి గంట ఇచ్చేయండి, కామెంట్ల జోలికి వెళ్లకముందే. ఒకసారి అవి తెరిచామా, ఆ పూట గోవిందా.