గేర్‌బాక్సులోని ‘లైఫ్‌టైమ్’ ఆయిల్‌ను మార్చాలా?

ప్రశ్న: మాది ఆటోమేటిక్ గేర్ల కారు. కొని తొమ్మిదేళ్లయింది, 1,10,000 కిలోమీటర్లు తిరిగింది. గేర్‌బాక్సులో ఉన్నది లైఫ్‌టైమ్ ఆయిల్ కాబట్టి ఎప్పటికీ మార్చనక్కర్లేదని సర్వీస్ సెంటర్‌వారు చెబుతున్నారు. బయటి మెకానిక్ ఒకరు వెంటనే మార్చాలంటున్నారు. ఇంకొకరేమో ఇన్నేళ్లు ముట్టుకోకుండా ఇప్పుడు మారిస్తే గేర్‌బాక్సు పోతుందని భయపెడుతున్నారు. ప్రస్తుతానికి బండి బాగానే నడుస్తోంది. ఎవరి మాట వినాలి?

జవాబు: మార్పించండి. బండి బాగానే నడుస్తోందని మీరు రాయడం వల్లే ఇంత సూటిగా చెప్పగలుగుతున్నాను. గేర్లు జారుతున్నాయనో, గేరు మారేటప్పుడు కుదుపు వస్తోందనో రాసి ఉంటే జవాబు వేరుగా ఉండేది. ఆ తేడా ఎందుకో తర్వాత చెబుతాను.

లైఫ్‌టైమ్ అన్న మాటలో కొంత నిజం లేకపోలేదు. ఇంజిన్ ఆయిల్‌లోకి ఇంధనం మండగా వచ్చిన మసి చేరుతుంది, గేర్‌బాక్సులో మండేదేమీ లేదు. పైగా ఇప్పటి సింథటిక్ ఆయిళ్లు పాతవాటికన్నా చాలా ఎక్కువ కాలం నిలుస్తాయి. అయితే ఎవరి జీవితకాలం అని అడిగితే మాత్రం స్పష్టమైన సమాధానం దొరకదు. కంపెనీ తన బండికి ఇన్నేళ్లు, ఇన్ని కిలోమీటర్లు అని ఒక ఆయుర్దాయం లెక్క వేసుకుని, ఆ లోపల ఆయిల్ మార్చే అవసరం రాదనుకుంటే సర్వీసు పట్టికలో ఆ గడిని ఖాళీగా వదిలేస్తుంది. కొత్త బండి కొని నాలుగైదేళ్లకు అమ్మేసేవారికి ఆ లెక్క సరిపోవచ్చు గాని, పదిహేనేళ్లు ఉంచుకోవాలనుకునేవారికి, వాడిన బండి కొన్నవారికి అది ఏమాత్రం భరోసా ఇవ్వదు.

ఈ విషయంలో నేను అన్నిటికన్నా ఎక్కువ విలువిచ్చే సాక్ష్యం గేర్‌బాక్సు తయారుచేసేవారిదే. జర్మనీకి చెందిన జడ్‌ఎఫ్ సంస్థ అనేక కార్ల కంపెనీలకు ఆటోమేటిక్ గేర్‌బాక్సులు చేసి ఇస్తుంది. వాటిని బిగించుకున్న కొన్ని కంపెనీలు అందులోని ఆయిల్ లైఫ్‌టైమ్ అని చెబుతుంటే, జడ్‌ఎఫ్ మాత్రం బండి నడిపే తీరును బట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా 8 ఏళ్లకు ఆయిల్ మార్చాలని సిఫారసు చేస్తోంది. మీ కారులో ఉన్నది ఆ సంస్థ గేర్‌బాక్సు కాకపోయినా, మీ బండి అటు కిలోమీటర్లలోను ఇటు ఏళ్లలోను ఆ వయసుకు వచ్చినట్టే.

ఆటోమేటిక్ గేర్‌బాక్సులో ఆయిల్ చేసే పని కందెన పని ఒక్కటే అయితే ఇంత చర్చ అవసరం ఉండేది కాదు. ఇంజిన్ శక్తిని టార్క్ కన్వర్టర్‌లో ఒక చక్రం నుంచి ఎదుటి చక్రానికి అందించేది ఆయిలే. వాల్వ్ బాడీలోని సన్నని దారుల గుండా ఒత్తిడితో వెళ్లి క్లచ్ ప్లేట్లను బిగించేదీ ఆయిలే. ఆ ప్లేట్లు ఒకదాన్నొకటి పట్టుకునే క్షణంలో ఎంత జారాలో, ఎక్కడ గట్టిగా పట్టాలో నిర్ణయించే రసాయనాలు ఉండేదీ ఆ ఆయిల్‌లోనే. ఈ రసాయనాలు కాలం గడిచేకొద్దీ ఖర్చయిపోతాయి. చిక్కదనాన్ని నిలబెట్టే పొడవాటి అణువులు గేర్ల పళ్ల మధ్య నలిగి తెగిపోవడంతో ఆయిల్ పలచబడుతుంది. వీటన్నిటికన్నా పెద్ద శత్రువు వేడి: ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఆయిల్ ఆక్సీకరణ వేగం సుమారు రెట్టింపవుతుందని ఇంజినీర్లు లెక్కగా చెప్పుకుంటారు. అందుకే ట్రాఫిక్‌లో ఆగుతూ కదులుతూ వెళ్లే బండికి, ఘాట్ రోడ్లెక్కే బండికి, బరువులు లాగే బండికి ఆయిల్ త్వరగా ముసలిదవుతుంది. మీ ఓనర్స్ మాన్యువల్‌లో కఠినమైన వాడకానికి విడిగా ఇచ్చిన పట్టిక ఉందేమో చూడండి; మామూలు వాడకానికి మార్చనక్కర్లేదని రాసిన చోటే, ఆ పట్టికలో ఇన్ని కిలోమీటర్లకు మార్చాలని ఉండటం అరుదేమీ కాదు.

ఇక మూడో మెకానిక్ పెట్టిన భయం సంగతి. అది పూర్తిగా కల్పన కాదు, కాని కారణాన్ని ఫలితాన్ని తారుమారు చేసి చెప్పుకోవడం వల్ల పుట్టింది. చాలామంది గేర్లు జారడం మొదలయ్యాక గాని ఆయిల్ సంగతి తలచుకోరు. అప్పటికే క్లచ్ ప్లేట్ల పూత అరిగిపోయి, ఆ పొడి కలిసిన పాత ఆయిలే గరుకుదనంతో ఏదో ఒక పట్టు ఇస్తూ ఉంటుంది. దాన్ని తీసి శుభ్రమైన ఆయిల్ పోస్తే ఉన్న కాస్త పట్టూ పోయి, బండి నిలిచిపోవచ్చు. కొన ఊపిరితో ఉన్న రోగికి ఆఖరి రోజున మందిచ్చిన వైద్యుడి మీద నింద పడ్డట్టు, నింద కొత్త ఆయిల్ మీద పడుతుంది. మీ బండికి ఆ లక్షణాలేవీ లేవు కాబట్టి ఆ భయం మీకు వర్తించదు.

భయపడవలసింది మార్చే పద్ధతి గురించి. మెషీన్ పెట్టి ఒత్తిడితో మొత్తం కడిగేస్తామంటే, ఇన్నేళ్లు ముట్టుకోని గేర్‌బాక్సుకు ఒప్పుకోకండి. ఎక్కడో మూలన పేరుకున్న మడ్డి కదిలి వాల్వ్ బాడీ దారులకు అడ్డం పడవచ్చు. కింది ప్లగ్ విప్పి కారినంత కార్చి, అంతే కొలతలో కొత్తది పోయించడం మేలు. టార్క్ కన్వర్టర్‌లోనే చాలా ఆయిల్ ఉండిపోతుంది కాబట్టి, ఇలా చేసినప్పుడు మొత్తంలో సగం, కొన్ని బండ్లలో అంతకన్నా తక్కువ మాత్రమే బయటికి వస్తుంది. అందుకని కొన్ని వేల కిలోమీటర్లు నడిపాక ఇంకోసారి అదే పని చేయిస్తే, ప్రతిసారీ సగం వచ్చిందనుకుంటే మూడు పాళ్లు కొత్తది, ఒక పాలు పాతది మిగులుతుంది. ఫిల్టర్‌ను కూడా మార్పించండి. కొన్ని గేర్‌బాక్సుల్లో ఫిల్టర్ ప్లాస్టిక్ సంప్‌తో (గేర్‌బాక్సు అడుగున ఆయిల్ నిలిచే తొట్టితో) కలిసే వస్తుంది, అప్పుడు సంప్ మొత్తం మార్చాలి.

సంప్ విప్పే సమయానికి మీరు దగ్గర ఉండండి. దాని అడుగున చిన్న బిళ్లల్లాంటి అయస్కాంతాలుంటాయి. వాటి మీద బూడిద రంగు ముద్ద ఉంటే వేలితో తీసి నలిపి చూడండి. కాటుకలా మెత్తగా సాగి వేలి గీతల్లోకి దిగితే అది ఇన్నేళ్ల మామూలు అరుగుదల, కంగారు పడకండి. ఇసుకలా గరగరలాడినా, మెరిసే రేకులు కనిపించినా, లోపల ఏదో భాగం విరుగుతోందని అర్థం. కొత్త ఆయిల్ పోయించే ముందు ఆ సంగతి తేల్చుకోవాలి.

ఆఖరుగా మట్టం. ఇప్పటి చాలా గేర్‌బాక్సులకు కొలపుల్ల ఉండదు. బండిని సమతలంగా పైకెత్తి, ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ కంపెనీ చెప్పిన వేడిలో ఉన్నప్పుడు, పక్క ప్లగ్ నుంచి సన్నగా కారడం మొదలైతే మట్టం సరిపోయినట్టు. చాలా జడ్‌ఎఫ్ గేర్‌బాక్సులకు ఈ కొలత 30 నుంచి 50 డిగ్రీల మధ్య తీస్తారు. వేడెక్కిన ఆయిల్ వ్యాకోచిస్తుంది కాబట్టి, వేడి చూడకుండా తీసిన కొలత తప్పుతుంది. మట్టం తగ్గినా పెరిగినా గేర్‌బాక్సుకు చేటే. ఆయిల్ వేడిని దేనితో చూస్తారని మెకానిక్‌ను ముందే అడగండి. బండి కంప్యూటర్ నుంచి వేడిని చదివే స్కానర్‌తో అని చెప్పకుండా, అదంతా అవసరం లేదంటే వేరేచోటికి వెళ్లండి.

ప్రశ్న: మా కారు డ్యుయల్ క్లచ్. మా అన్నయ్యది సీవీటీ. మాకూ ఇదే సూత్రమా?

జవాబు: డ్యుయల్ క్లచ్‌లో, అంటే రెండు క్లచ్‌లు వంతులవారీగా పనిచేసే గేర్‌బాక్సులో, రెండు రకాలున్నాయి. క్లచ్ ప్లేట్లు ఆయిల్‌లో మునిగి ఉండే రకానికి మార్పు తప్పదు. ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ డీఎస్‌జీ అని పిలిచే ఈ రకం ఆరు గేర్ల గేర్‌బాక్సుకు ఆ సంస్థే 60,000 కిలోమీటర్ల గడువు పెట్టింది. పొడి క్లచ్ రకంలో ప్లేట్ల పొడి ఆయిల్‌లో కలవదు కాబట్టి అది ఎక్కువ కాలం శుభ్రంగా ఉంటుంది. విడివిడి గేర్లు లేకుండా బెల్టుతో నడిచే సీవీటీలో ఉక్కు బెల్టు, పుల్లీ ఒకదాన్నొకటి జారకుండా పట్టుకోవడం ఆయిల్ మీదే ఆధారపడి ఉంటుంది. మీ అన్నయ్యగారికి ఒక్క మాట గట్టిగా చెప్పండి: సీవీటీలో మామూలు ఆటోమేటిక్ ఆయిల్ ఎట్టి పరిస్థితిలోనూ పోయించవద్దు. మీ ఇద్దరి విషయంలోనూ, డబ్బా మీద ‘అన్ని బండ్లకూ పనికొస్తుంది’ అన్న రాతను కాక, మాన్యువల్‌లో ఉన్న పేరునే నమ్మండి.

ప్రశ్న: ఆయిల్ రంగు చూసి దాని పరిస్థితి చెప్పవచ్చా?

జవాబు: పూర్తిగా చెప్పలేం. చాలా ఆయిళ్లు మొదట ఎర్రగా ఉండి, తర్వాత గోధుమ రంగుకు తిరుగుతాయి. అంతమాత్రాన చెడినట్టు కాదు. అన్నీ ఎర్రగా ఉండవు కూడా, జడ్‌ఎఫ్ ఎనిమిది గేర్ల గేర్‌బాక్సు కోసం తెచ్చిన లైఫ్‌గార్డ్ 8 ఆకుపచ్చగా ఉంటుంది. రంగుకన్నా వాసన నమ్మదగింది. మాడు కంపు కొడితే క్లచ్ ప్లేట్లు కాలుతున్నట్టే. ఒక్క రంగు విషయంలో మాత్రం అనుమానానికి తావు లేదు: ఆయిల్ గులాబీ రంగులో, పాలు కలిపినట్టు మబ్బుగా కనిపిస్తే, గేర్‌బాక్సు ఆయిల్‌ను చల్లబరిచే కూలర్ లోపల చీలి రేడియేటర్‌లోని కూలెంట్ గేర్‌బాక్సులోకి చేరిందన్నమాట. ఆ నీరు క్లచ్ పూతను ఊడగొడుతుంది. వెంటనే ఇంజిన్ ఆపేయండి. బండిని తాడు కట్టి లాగించకండి. ఇంజిన్ నడవనప్పుడు లోపలి ఆయిల్ పంపు కూడా తిరగదు, తిరిగే భాగాలకు ఆయిల్ అందదు. నాలుగు చక్రాలూ నేలకు తగలకుండా బండిని లారీ మీదికెక్కించి తీసుకెళ్లండి.