1343 అంటే 1924 కాదు

మీ తాతగారి ఉత్తరువు మీద '1343 తీర్' అని ఉందని, హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో (పాత ప్రభుత్వ రికార్డులు దాచే చోటు) 1924-25 ఫైళ్లన్నీ వెతికించినా దొరకలేదని రాశారు. మీరు దాన్ని హిజ్రీ, అంటే ఇస్లామీ సంవత్సరం అనుకున్నారు. అది ఫస్లీ, అంటే పంటల లెక్కన శిస్తు కోసం వాడిన సంవత్సరం. దాదాపు తొమ్మిదేళ్లు వెనక వెతుకుతున్నారన్నమాట.

1. నెల పేరు చూడండి. ముహర్రం, రజబ్ లాంటివైతే హిజ్రీ. ఆజుర్, బహ్మన్, తీర్ లాంటివైతే నిజాం సర్కారు ఫస్లీ. రెవెన్యూ కాగితాల్లో ఎక్కువగా ఇదే. అంకె పక్కన పైన ఒక చుక్క ఉన్న చిన్న సున్నలాంటి ఉర్దూ అక్షరం కనిపిస్తే అది 'ఫే', ఫస్లీ గుర్తు.

2. ఫస్లీకి 590 కలపండి: 1933.

3. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నేనూ ఆగి రెండు రోజులు పోగొట్టుకున్నాను. హైదరాబాద్ ఫస్లీ సంవత్సరం ఆజుర్‌తో, అంటే అక్టోబరు మొదటి వారంలో మొదలవుతుంది. కాబట్టి 1343లో మొదటి మూడు నెలలే 1933లో, మిగతాదంతా 1934లో పడుతుంది. తీర్ ఎనిమిదో నెల. లెక్కపెడితే మీ ఉత్తరువు సుమారుగా 1934 మే నెలది.

4. ఆర్కైవ్స్‌లో ఫైలు కోసం ఇచ్చే స్లిప్పు మీద ఇంగ్లీషు సంవత్సరం ఒక్కటే రాయకండి. '1343 ఫస్లీ' అని, శాఖ పేరుతో సహా రాయండి. పాత జాబితాలు ఆ లెక్కలోనే ఉంటాయి.

కాగితం వెనక వైపు కూడా ఫోటో తీసి తీసుకెళ్లండి. మిస్ల్ (ఫైలు) నంబరు తరచూ అక్కడే, మూలన గీకినట్టు ఉంటుంది.