మూడు వారాల సెలవు చాలదమ్మా

ప్రశ్న: మేము చాలా ఏళ్లుగా ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటున్నాం. మావారికి 64 ఏళ్లు. కుడి తుంటి కీలు అరిగిపోయింది, మార్చాలన్నారు. ఇక్కడి ప్రభుత్వ ఆస్పత్రిలో మా వంతు రావడానికి చాలాకాలం పట్టేలా ఉంది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేయించుకుని, తెనాలిలో మా అత్తగారింట్లో ఉండి, మూడు వారాల్లో తిరిగి రావాలనుకుంటున్నాం. కుదురుతుందా?
– ఒక పాఠకురాలు, లెస్టర్

జవాబు: అమ్మా, ఆపరేషన్ గురించి నాకు బెంగ లేదు. మన దగ్గర అనుభవమున్న సర్జన్లు ఉన్నారు. ఆపరేషన్ అయ్యాక మనిషిని నడిపించే పని మా ఫిజియోథెరపిస్టులది. ఇరవై రెండేళ్లుగా అదే పనిలో ఉన్నాను కనుక, మీ ఉత్తరంలో ‘మూడు వారాలు’ అన్న మాట దగ్గరే ఆగిపోయాను.

ఆపరేషన్ రోజునో మర్నాడో వాకర్ ఇచ్చి నిలబెడతాం. ‘పాత నొప్పి పోయింది’ అని చాలామంది అప్పుడే అంటారు. నిజంగానే పోతుంది. ఆ సంతోషంలోనే తొందరపడతారు. కీలు చుట్టూ కోసిన కండరాలు గట్టిపడేదాకా కొత్త కీలులోని బంతి, అది కూర్చునే గిన్నెలోంచి జారే ప్రమాదం ఉంటుంది.

మీలాగే విదేశం నుంచి వచ్చిన ఒక పెద్దాయన కుట్లు విప్పించుకుని సొంతూరు వెళ్లారు. పద్దెనిమిదో రోజున వాకిట్లో నవారు మంచం మీద కూర్చున్నారు. నవారు కుంగి మోకాళ్లు తుంటికంటే పైకి లేచాయి. కింద పడిన చెప్పు కోసం వంగారు, అంతే, కీలు తప్పింది. కాలు లోపలికి తిరిగి, పొట్టిగా కనిపించిందని ఆయన భార్య ఫోనులో ఏడుస్తూ చెప్పింది. కీలును మళ్లీ కూర్చోబెట్టించడానికి అంబులెన్సులో హైదరాబాద్ రావలసి వచ్చింది. ఆ మంచం సంగతి నేను ముందే అడిగి ఉండవలసింది. అప్పటి నుంచి మంచం సంగతి అడగకుండా ఎవరినీ ఇంటికి పంపను.

ఇక విమానం. ఈ ఆపరేషన్ తర్వాత కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం కొన్ని వారాలపాటు ఉంటుంది. అందుకే రక్తం పలచబడే మందు నాలుగైదు వారాలు ఇస్తారు. లండన్‌కు నేరుగా వెళ్లినా పది గంటల వరకు కూర్చోవాలి. అంత దూరానికి చాలామంది సర్జన్లు ఆరు వారాలు, కొందరు మూడు నెలలు ఆగమంటారు. రెండు నెలలకు తక్కువ కాకుండా వీలు చేసుకోండి. తిరుగు టికెట్టు తేదీ మార్చుకునేది తీసుకోండి.

బయలుదేరేముందే అక్కడి మీ జీపీకి, అంటే మీ కుటుంబ డాక్టరుకు చెప్పండి. తిరిగి వెళ్లాక గాయం ఎర్రబడినా, జ్వరం వచ్చినా చూడవలసింది ఆయనే. పళ్లలో చీము, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటే అక్కడే తగ్గించుకుని రండి.

ఆపరేషన్‌లో అమర్చిన భాగాల పెట్టెలపై కంపెనీ, సైజు, లాట్ నంబరు ఉన్న స్టిక్కర్లుంటాయి. వాటి ప్రతిని అడిగి తీసుకోండి. 2010లో కృత్రిమ కీళ్లు తయారుచేసే డెప్యూ సంస్థ తన ఏఎస్ఆర్ రకం తుంటి కీళ్లను ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. మన దేశంలో అవి అమర్చుకున్నవారిలో చాలామంది ఆచూకీ దొరకలేదు. ఆ స్టిక్కర్లను పాస్‌పోర్టుతోపాటు దాచుకోండి.

తెనాలిలో మీరుండేది కింది వాటాయేనా? మరుగుదొడ్డిలో కమోడ్ ఉందా? మీవారు పడుకునే మంచం నేలనుంచి ఎన్ని అంగుళాలో మీ అత్తగారిని కొలిపించమని చెప్పి, నాకు రాయండి.